అవతలి గట్టు చేరని ఏడడుగుల పడవ

సాంకేతిక ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. ఏజెన్సీలో ముప్పై మూడేళ్ళు వైర్‌లెస్ సెట్లు బాగుచేసినవాణ్ణి కాబట్టి సాధించిన పనులు చెబుతానని వాళ్ళ ఆశ. సాధించినవి కొన్ని ఉన్నాయి. అవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. నేను ఇక్కడ రాస్తున్నది కాగితాల మీద తప్పుగా నమోదైన ఒక పని గురించి. తప్పుగా రాసింది నేనే.

నా గురించి కొంత చెప్పకపోతే ఈ సంగతి అర్థం కాదు. పాడేరు అవతలి కొండల్లో కొన్ని పల్లెలు ఒకప్పుడు మా కుటుంబం చేతి కింద ఉండేవి. ముఠా అనేవారు. శిస్తు వసూలు చేసినా, తగువులు తీర్చినా, అమ్మవారి పండగలో తొలి దండ కట్టినా మా పెద్దలే. తాతగారి కాలంలో ముఠా పోయింది. మిగిలిన భూములు కోర్టుల్లో పోయాయి. మా నాన్నగారు చివరిదాకా మడత నలగని చొక్కా తొడుక్కుని, రమ్మని పిలవందే ఎవరి గుమ్మమూ ఎక్కకుండా బతికారు. నాకు ఆయన దగ్గర నుంచి దక్కింది వంగని వెన్ను ఒక్కటే. ఉద్యోగంలో అది నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. మంచి చోటికి బదిలీ కావాలని ఎవరినీ అడగలేదు. చేయని పనికి సంతకం పెట్టలేదు. అందుకే నా మాటకు శాఖలో విలువ ఉండేది. ఆ విలువే తర్వాత ఇంకొకరి మీద పడింది.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు జరిగింది ఇది. కొండల మధ్య ఒక జలాశయం. ఈవలి గట్టున రోడ్డు, సంత, ఆరోగ్య ఉపకేంద్రం. అవతలి గట్టున నలభై గడపల ఊరు. మధ్యలో కిలోమీటరు పైచిలుకు నీళ్ళు. మామూలు రోజుల్లో మాను తొలిచి చేసిన దోనెలో దాటుతారు. వానాకాలం గాలి లేస్తే దోనె కదలదు. కొండ బాటన చుట్టూ తిరిగి పోవాలంటే ఒక పగలంతా నడక, దారిలో రెండు వాగులు. జ్వరాలు ముదిరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మలేరియా మాత్రలు ఈవలి గట్టున నర్సమ్మ బీరువాలో ఉండేవి. జ్వరం అవతలి గట్టున ఉండేది.

అప్పుడు పాడేరులో ఉన్న ఆఫీసరుకు ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు రిమోటుతో నడిపే బొమ్మ పడవ లాంటిదే పెద్దది చేసి, అందులో మందుల పెట్టె పెట్టి పంపితే? మునిగినా మనిషి పోడు. అంతకుముందు ఒక డ్రోను తెప్పించి చూశారు. మా కొండగాలికి అది పోయి పనసచెట్టు మీద కూర్చుంది.

పడవను తయారు చేసింది మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన జూనియర్ ఇంజినీరు. విజయనగరం వైపు అమ్మాయి. ఏడడుగుల ఫైబరు పడవ, రెండు మోటార్లు, పైన అల ఎక్కినా లోపలికి చుక్క దిగని మూత. చాలా శుభ్రమైన పని. మొదటిరోజు నర్సమ్మ వచ్చి దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"నాకన్నా ఇదే నయం సార్. దోనెక్కితే దీనికి కడుపులో తిప్పదు, మొగుడు ఫోను చేసి తిట్టడు" అంది.

పడవ బాగానే ఉంది కానీ మాట వినలేదు. తారు రోడ్డు మీద పెట్టి చూస్తే రెండు మలుపుల దాకా రిమోటు పనిచేసింది. నీళ్ళలోకి దింపితే నాలుగు వందల గజాలు పోయి ఆగిపోయేది. సిగ్నలు తెగితే మోటార్లు ఆగేలా మేమే పెట్టాం. లేకపోతే దారి తప్పి ఎవరి దోనెనో గుద్దుతుంది.

"ఎక్కువ పవరున్న రిమోటు తెప్పిద్దాం సార్" అంది అమ్మాయి.

"పవరు కాదమ్మాయ్, ఎత్తు కావాలి" అన్నాను.

నీటి మీద పోయే రేడియో తరంగంలో కొంత నేరుగా పోతుంది, కొంత నీటికి తగిలి లేస్తుంది. ఏరియల్, అంటే యాంటెన్నా, నీటికి దగ్గరగా ఉంటే ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మనం రిమోటు చేత్తో పట్టుకుని గట్టున నిలబడతాం. పడవలో ఏరియల్ బ్యాటరీ పక్కన, నీటికి జానెడు ఎత్తున పడుకుని ఉంటుంది. పవరు ఎంత పెంచినా నీళ్ళే తాగుతాయి. అందుకని గట్టున కాఫీ తోటలోంచి కొట్టించిన పొడవాటి సిల్వరోక్ స్తంభం పాతించాను. పైకి తీగ లాగితే సిగ్నలు తీగలోనే సగం పోతుంది కాబట్టి రిమోటులోని పంపే భాగాన్నే విప్పి స్తంభం చివర బిగించాను. పడవ మీద నాలుగడుగుల వెదురు కొయ్య నిలబెట్టి, దాని కొసన ఏరియల్ కట్టాం. కొయ్య బరువుకు పడవ అటూ ఇటూ ఊగింది. అడుగున నది రాళ్ళ సంచి కట్టాం. ఊగడం ఆగింది.

మూడు వారాలు పట్టింది. ఒక ఉదయం పడవ ఆగకుండా అవతలి గట్టుకు పోయి మట్టిని తాకింది. అమ్మాయి రిమోటు పట్టుకుని ఏడ్చేసింది. నేను ఏడవలేదు. లోపల మాత్రం మా తాతగారి కాలంలో దివాణంలో భేరి మోగినట్టు అనిపించింది. మర్నాడు మళ్ళీ పంపాం. మళ్ళీ చేరింది. అవతలి ఒడ్డున ఇంకా కొంత సిగ్నలు బలం మిగిలే ఉందని మీటరు చూపించింది.

అవతలి ఊరి పెద్ద ఒకాయన రోజూ దోనె వేసుకుని వచ్చి మా పని చూసేవాడు. దోనె నడిపేదీ ఆయనే, ఆ ఊరి అమ్మవారికి పూజ చేసేదీ ఆయనే. నా ఊరు, ఇల్లు అడిగి తెలుసుకున్నాడు. చెప్పాక కాసేపు నన్ను తేరి చూశాడు.

"అలాగైతే ఆ దివాణం బాబులే మీరు! మీ తాత మా తాతని గుంజకి కట్టించి కొట్టించినాడు బాబూ."

నేను చేతిలోని తీగ చుట్టడం ఆపాను.

"అయినా సరే, పండక్కి తొలి దండ మాత్రం ఆయనే కట్టీవోడంట. ఆ సెయ్యి మంచిదని మావోళ్ళు ఇప్పటికీ అనుకుంతారు. మీరొచ్చి ఇలాగ స్తంభాలెక్కి తీగలు బిగిత్తన్నారు, ఏటి బాబూ ఇది!" అని నవ్వాడు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. నాకు నలభై ఏళ్ళు దాటాక మా ఇంటి పెద్దరికాన్ని గుర్తుపెట్టుకుని మాట్లాడినవాడు ఆయనొక్కడే.

ఆఫీసరు వచ్చే రోజు నిర్ణయమైంది. ఆయన ముందు పడవ అవతలికి చేరితే ఆ వానాకాలం నుంచే మందుల పడవ నడుస్తుంది. చేరకపోతే ఫైలు మూతపడుతుంది. ఆ మాట ఆయనే ఫోనులో చెప్పాడు. కొత్త బండికి పూజ చేయకుండా దారిలోకి ఎక్కించరు కదా, పడవకూ పూజ ఉండాలని అవతలి ఊరివాళ్ళు పట్టుపట్టారు. ఆ రోజు ఉదయాన్నే పెద్దాయన కొబ్బరికాయ, నిమ్మకాయలు, దండ తెచ్చాడు. దండ లావుగా ఉంది. బంతిపూలు, నడుమ నడుమ సంతలో కొన్న తళుకు కాగితం, మొత్తం పసుపు నీళ్ళలో ముంచి తీసింది. నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

ఆయన ఆ దండ నా చేతుల్లో పెట్టాడు.

"తొలి దండ మీ ఇంటి సేత్తోనే పడాల బాబూ. మా ఊరోళ్ళు కొందరు వొద్దన్నారు, బయటోడన్నారు. నానే ఒప్పించినాను. బేగి కట్టండి, జీపొచ్చీత్తంది."

ఇక్కడ ఒక సంగతి మీకు స్పష్టంగా చెప్పాలి. తడి పూలు, తడి గుడ్డ ఈ తరంగాలను మింగేస్తాయి. తళుకు కాగితం మీద సన్నని లోహపు పూత ఉంటుంది. అది ఏరియల్‌కు చుట్టుకుంటే ఏరియల్‌ను గుడ్డిదాన్ని చేస్తుంది. ఇది నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు. వైర్‌లెస్ టవర్ల మీద కాకి గూళ్ళు కూడా తీయించేవాణ్ణి.

దండ తీసుకుని పడవ దగ్గరికి వెళ్ళాను. అమ్మాయి వెంటనే వచ్చింది.

"సార్, కొయ్యకి కింద కట్టండి. లేదా మూత మీద పెడదాం. పైన యాంటెన్నా ఉంది."

"శిరసుకు కట్టేది నడుముకు కట్టమంటావా?"

"సార్..."

"మా ఇంటి పద్ధతి మూడు చుట్లు. కొసకే కట్టాలి."

కట్టాను. వెదురు కొసన ఏరియల్ చుట్టూ మూడు చుట్లు. కడుతుంటే వెనక డప్పు మోగింది. పెద్దాయన కళ్ళు మూసుకుని ఏదో చదువుతున్నాడు. నా వెన్ను ఎంత నిటారుగా ఉందో నాకే తెలుస్తూ ఉంది. మొన్న సిగ్నలు బలం మిగిలింది కదా, సరిపోతుందిలే అనుకున్నాను. అనుకున్నానంటే, అలా అనుకోవడానికి ఒప్పుకున్నాను. వేరే ఎవరైనా ఆ దండ పట్టుకొస్తే గట్టు దిగనిచ్చేవాణ్ణి కాదు.

ఆఫీసరు వచ్చాడు. కొబ్బరికాయ కొట్టారు. నర్సమ్మ మందుల పెట్టె లోపల పెట్టి మూత బిగించింది. అమ్మాయి రిమోటు తీసుకుంది. పడవ చక్కగా బయలుదేరింది. అవతలి ఒడ్డున చీమల్లా మనుషులు, వాళ్ళ డప్పులు ఇక్కడికి వినిపిస్తున్నాయి.

సగం దూరం దాటకముందే పడవ ఆగింది. రెండు క్షణాలు కదిలింది. మళ్ళీ ఆగింది. గుండె జబ్బు మనిషి మెట్లెక్కినట్టు రెండు మూడుసార్లు అలా చేసి, తర్వాత పూర్తిగా నిలిచిపోయింది. గాలికి పక్కకు తిరిగి, నీటిలో మునిగిన పాత చెట్ల మోడుల వైపు జారడం మొదలుపెట్టింది. అవతలి డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

పెద్దాయన దోనె వేసుకుని వెళ్ళి పడవను తాడు కట్టి లాక్కొచ్చాడు. ఆ లోపు ఆఫీసరు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. కోపపడలేదు.

అమ్మాయి నా పక్కకు వచ్చి చిన్న గొంతుతో అంది: "సార్, ఒక్కసారి దండ తీసి పంపుదాం. ఆయన ఇంకా టీ తాగుతున్నారు. పది నిమిషాలు చాలు."

నేను ఆఫీసరు వైపు చూశాను. పెద్దాయన వైపు చూశాను. ఇంత మంది ముందు నేను కట్టిన దండ నేనే విప్పి, అది విప్పాక పడవ చేరితే?

"కట్టిన చేత్తో తీయరు" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. కోపం కాదు. లెక్క తప్పు వచ్చినప్పుడు మనం అంకెలను మళ్ళీ చూస్తామే, అలా చూసింది.

ఆఫీసరు లేచాడు. "బొమ్మ బాగుందండీ. మందులు మాత్రం దోనెలోనే పంపుతూ ఉండండి" అని జీపెక్కాడు.

నివేదిక రాయాల్సింది సీనియర్‌గా నేను. మూడు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చివరికి రాశాను: ఎంపిక చేసిన రిమోటు సామర్థ్యం ఆ దూరానికి చాలదు. ఎంపిక చేసింది ఎవరో రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు, ఫైల్లో ఆ అమ్మాయి సంతకం ఉంది. ఆవిడకు చూపించాను. చదివి, కింద తన సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి ఇచ్చేసింది. తన ప్రొబేషన్ ఆ కాగితం మీద ఆరు నెలలు పొడిగించారు. అవి పూర్తికాకముందే రాజీనామా చేసి విశాఖపట్నం వెళ్ళిపోయింది.

వానలు పడ్డాయి. ఆ ఏడు గాలి బలంగా వీచింది. ఒకసారి ఐదు రోజులు దోనె కదల్లేదు. అవతలి ఊళ్ళో పెద్దాయన కోడలికి జ్వరం. నర్సమ్మ మాత్రలు సంచిలో వేసుకుని గట్టున రోజూ వచ్చి నిలబడేదట. ఆరో రోజు దోనె వచ్చింది. దాంట్లో మాత్రల కోసం కాదు, చావు కబురు చెప్పడానికి వచ్చారు.

నర్సమ్మ నాకు ఫోను చేసి చెప్పింది. చివర్న "మీ పడవుంటే బావుండేది సార్" అంది. దెప్పడం కాదు. ఆవిడకు తెలియదు.

సంక్రాంతి దాటాక సంతలో పెద్దాయన కనబడ్డాడు. కొండచీపుళ్ళ మోపు ముందు పెట్టుకుని అమ్ముతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"పూజ మాన్పించేసినారు బాబూ నన్ను. అమ్మోరు ఒప్పని సేత్తో దండ ఏయించినాను, అందుకే పడవ ఆగిపోయింది, అందుకే ఇంట్లో పిల్ల పోయిందంతన్నారు. మా అయ్య, మా తాత సేసిన పూజ అది."

ఆయన గొంతు తగ్గించాడు.

"మీరు సదువుకున్నోరు. ఒకపాలి మా ఊరొచ్చి సెప్పండి బాబూ, అది యంత్రం సంగతి, అమ్మోరి కోపం కాదని. మీరు సెప్తే ఇంతారు. నా మాట ఇప్పుడెవులు ఇంతారు?"

"వస్తాను" అన్నాను.

వెళ్ళలేదు. జీపు దొరకలేదనీ, మోకాలు నొప్పనీ, ఆఖరి ఏడాది పనులనీ నాకు నేను చెప్పుకున్నాను. వెళ్ళి "యంత్రం సంగతి" అని మాత్రం చెప్పి రావచ్చు. కానీ యంత్రానికేమైందని ఎవరో ఒకరు అడుగుతారు. మా పెద్దలకు ముఠా పోయినప్పుడు ప్రభుత్వం తీసుకుంది. ఆ మనిషికి వంశపారంపర్యంగా ఉన్న ఒక్కటీ నేను ఊడబెరికాను. అది నాకు ఆ సంతలోనే తెలుసు. తెలిసి కూడా చీపురు కట్ట ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చాను.

రిటైరైన కొన్ని నెలలకు, పనిలేని మధ్యాహ్నాల్లో ఒకదాన్లో, విశాఖలో ఉన్న ఆ అమ్మాయికి ఫోను చేశాను. తడుముకుంటూ మొదలుపెట్టాను.

"తెలుసు సార్. ఆ రోజే తెలుసు" అంది.

"మరి సంతకం ఎందుకు పెట్టావమ్మా?"

"కనీసం ఆ కాగితం నా చేతిలో పెట్టాకైనా, నా ఎదురుగా కొట్టేసి మళ్ళీ రాస్తారనుకున్నాను. మీరంటే అందరూ అలా చెప్పేవారు కదా సార్."

తర్వాత బాగున్నారా అని అడిగింది. మర్యాదగా ఫోను పెట్టేసింది.

ఆ వారమే అవతలి ఊరికి బయలుదేరాను. దోనె నడుపుతున్నది పెద్దాయన కొడుకు. జ్వరంతో పోయినామె భర్త. మీ నాన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"అయ్య పోయినాడు బాబూ, వేసంగిలో" అన్నాడు. తెడ్డు ఆపలేదు.

ఊళ్ళోవాళ్ళు చావడిలో కూడారు. ఇప్పుడు పూజ చేస్తున్న కుర్రవాడూ వచ్చి కూర్చున్నాడు. నాకు కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. నిలబడి అంతా చెప్పాను. తడి దండ సిగ్నలును ఎలా మింగుతుందో చెప్పాను. అది నాకు ముందే తెలుసని చెప్పాను. అమ్మాయి వద్దన్నదని, తీసి పంపుదామని బతిమాలిందని చెప్పాను. తప్పు పెద్దాయనది కాదు, అమ్మవారిది కాదు, నాది అని చెప్పాను. జీవితంలో మొదటిసారి క్షమించమని చేతులు జోడించాను.

ఎవరూ తిట్టలేదు. ఎవరూ ఓదార్చలేదు. కుర్రపూజారి నేలవైపు చూస్తూ ఉన్నాడు. ఎవరో చుట్ట వెలిగించుకున్నారు. చివరికి మూలన కూర్చున్న ఒక ముసలామె, పెద్దాయన భార్య, అడిగింది.

"అలాగైతే ఏటి బాబూ, ఇప్పుడు మందులొత్తాయా?"

పడవ అప్పటికి మా వర్క్‌షాపు వెనక తలకిందులుగా పడి ఉంది. మోటార్లు వేరే పనికి ఎవరో విప్పుకుపోయారు. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు. రిటైరైనవాడు రాసే ఉత్తరానికి ఫైలు తెరుచుకోదు. నేను రాశాను, తెరుచుకోలేదు.

"మందులు రావమ్మా" అన్నాను.

ఆ మాటకు మాత్రం, తెలిసిందేనన్నట్టు, అందరూ తలూపారు. లేచి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు.